సందుగ, ట్రంకు, కార్టన్, కెమెరా పెట్టె

పోయిన ఎపిసోడ్ చివర్లో ఒక మాట అనేసి వదిలేశాను. "కెమెరాకి గట్టి పెట్టె కొనేముందు, దాన్ని దేని నుంచి కాపాడుకోవాలో తేల్చుకోండి" అని. దాని మీద ఫర్వానియా నుంచి, అబ్బాసియా నుంచి, ఊరి వైపు నుంచి కూడా వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. అందరిదీ ఒకటే గొడవ: "అన్నా, అదంతా ఎందుకు, ఏ పెట్టె కొనాలో చెప్పు."

చెప్తా. కానీ పెట్టె పేరు ఒక్కటే చెప్తే అది దుకాణం వాడి మాట అయిపోతుంది. ఒక్కో కాలంలో ఒక్కో భయానికి ఒక్కో రకం పెట్టె పుట్టింది. దొంగ భయానికి ఒకటి, దుమ్ము భయానికి ఒకటి, నీళ్ళ భయానికి ఒకటి. మన భయం ఏదో తెలియకుండా కొంటే, ఎవరి భయానికో చేసిన పెట్టెను మనం డబ్బులిచ్చి మోస్తాం. అందుకే ఈసారి ఎపిసోడ్‌లో టైము చాలక వదిలేసినవి కూడా కలిపి రాస్తున్నా.

నాకు కెమెరా పెట్టెల కన్నా ముందు సైటు పెట్టెలు తెలుసు. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసినప్పుడు మొదట చేతికిచ్చింది ఆటో లెవెల్ పెట్టె. ఇక్కడ కువైట్‌లో టోటల్ స్టేషన్ పెట్టెలు. పసుపో, ఎరుపో, దూరం నుంచి కనపడే రంగు. మూత తీస్తే పరికరం ఆకారానికి సరిగ్గా సరిపోయే గుంత ఉంటుంది. కొత్త హెల్పర్‌కి నేను చెప్పే మొదటి పాఠం ఒకటే: మూత పడకపోతే నొక్కొద్దు, పరికరాన్ని తిప్పి పెట్టు. గట్టి పెట్టె ఉంది కదా అని మూత మీద మోకాలు పెట్టి నొక్కితే, లోపలున్న దాన్ని విరిచేది ఆ పెట్టే. కెమెరా మనుషులు కూడా ఈ మాట గుర్తు పెట్టుకోవాలి.

గాజు, ఇత్తడి ఉన్న సున్నితమైన పరికరాన్ని దూరాలు మోసుకుపోవడం మన దేశానికి కొత్త కాదు. 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ కాడ విలియం లాంబ్టన్ ఆధార రేఖ కొలవడంతో మొదలైంది ఆ పెద్ద సర్వే. తర్వాత దానికే గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వే అని పేరొచ్చింది. ఆయన దగ్గరున్న పెద్ద థియోడొలైట్ బరువు అర టన్ను. ఇంగ్లాండు నుంచి వస్తుండగా ఆ ఓడను ఫ్రెంచ్ వాళ్ళు పట్టుకుని మారిషస్ తీసుకుపోయారు. అది యుద్ధ సామాను కాదు, శాస్త్రం పరికరం అని తెలుసుకుని, మళ్ళీ ప్యాక్ చేసి మర్యాదగా మద్రాసుకు పంపించారు. శత్రువు చేతిలో పడి కూడా బాగానే వచ్చింది.

దెబ్బ తిన్నది ఎక్కడ? 1808లో తంజావూరు పెద్దగుడి దగ్గర. చుట్టుపక్కల అంతా చదునైన నేల, ఎత్తు కావాలంటే గోపురమే దిక్కు. పరికరాన్ని పెట్టెతో సహా తాళ్ళు కట్టి పైకి లాగుతుంటే పక్క తాడు తెగింది. పెట్టె ఊగి వెళ్ళి గోడకు కొట్టుకుంది. పెట్టె పగిలింది, లోపల గుండ్రంగా ఉండాల్సిన పళ్ళెం వంకర పోయింది. కొత్తది తెప్పించాలంటే ఏళ్ళు పడుతుంది. లాంబ్టన్ ఆరు వారాల పాటు కూర్చుని, సుత్తులు, మరలు పెట్టుకుని మెల్లగా మళ్ళీ గుండ్రంగా లాక్కొచ్చాడు. ఆ సర్వే తర్వాత మన తెలుగు నేల మీదికి కూడా వచ్చింది. 1819లో జార్జ్ ఎవరెస్ట్ కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో పని చేస్తూ జ్వరంతో పడిపోయాడు.

క్రేన్ కింద నిలబడి పని చేసేవాడిగా ఈ తంజావూరు సంగతిలో నాకు రెండు విషయాలు కనిపిస్తాయి. మొదటిది, పెట్టె ఎంత గట్టిదైనా పట్టుకున్న తాడు బలం వేరే లెక్క. రెండోది ఇంకా ముఖ్యం. గట్టి పెట్టె దెబ్బను ఆపదు, లోపలికి చేరవేస్తుంది. దెబ్బను మింగేది పెట్టె గోడకీ పరికరానికీ మధ్యలో ఉండే మెత్తదనం. అందుకే నేను పెట్టె చూసేటప్పుడు ముందు మూత తీసి లోపల చూస్తా.

ఇప్పుడు కువైట్‌కి వద్దాం. మన ఊళ్ళో ముసలోళ్ళు చెక్కపెట్టెను సందుగ అంటారు. అది అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా మనకొచ్చింది. పుస్తకం అరబ్బీలో సందూక్ అని ఉంటుంది గానీ, కువైటీలు 'క' లాంటి ఆ లోతు అక్షరాన్ని 'గ' అని పలుకుతారు, సందూగ్ అంటారు. కువైట్ వచ్చిన కొత్తలో ఎవరో ముసలి కువైటీ నోట ఈ మాట వింటే, మా అవ్వ మాట్లాడినట్టే ఉంటుంది.

ఇంకో విచిత్రం ఏమిటంటే, ఆ మాట ఇక్కడి నుంచి అటు వస్తే, పెట్టె అక్కడి నుంచి ఇటు వచ్చింది. పాత కువైటీ ఇళ్ళల్లో పెళ్ళికూతురి సామానుకి ఇత్తడి మేకులు పూలలా కొట్టిన పెద్ద చెక్కపెట్టె ఉండేది. సందూగ్ ముబయ్యత్ అంటారు. దాని చెక్క ఇండియాది. చాలా పెట్టెలు తయారై బొంబాయి, సూరత్ వైపు నుంచే ఓడల్లో దిగేవి. కువైట్‌లో చెట్టు ఎక్కడుంది, ఓడలకు కావలసిన టేకు కూడా మలబారు నుంచే. ఖర్జూరం అటు పోయేది, చెక్క, బియ్యం, మసాలాలు ఇటు వచ్చేవి. 1961లో కువైట్ దినార్ వచ్చేదాకా ఇక్కడ చెల్లింది రూపాయే. ఈ లెక్కన చూస్తే ఇండియా నుంచి కువైట్‌కి పెట్టె పట్టుకొచ్చిన వాళ్ళలో మనం మొదటివాళ్ళం కాదు, చివరివాళ్ళం.

ఆ సందూగ్, మన భోషాణం, తర్వాత వచ్చిన రేకు ట్రంకు పెట్టె, ఇవన్నీ ఒకే భయానికి పుట్టినవి. దొంగకి, చెదలకి. బరువు ఎంత ఎక్కువుంటే అంత మంచిది, ఎవడూ ఎత్తుకుపోలేడు. ఇది గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే విమానం దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క మొత్తం తల్లకిందులవుతుంది.

కువైట్‌కి కెమెరా రావడం కూడా పాత సంగతే. 1909 నుంచి 1914 దాకా ఇక్కడ బ్రిటిష్ పొలిటికల్ ఏజెంట్‌గా ఉన్న కెప్టెన్ విలియం షేక్‌స్పియర్ ఫోటోల పిచ్చోడు. నాటకాల షేక్‌స్పియర్ కాదు లెండి. తర్వాత సౌదీ రాజు అయిన ఇబ్న్ సౌద్‌ని మొట్టమొదట ఫోటో తీసిన వాళ్ళలో ఈయన ఒకడు. 1914లో కువైట్ నుంచి ఎడారి దాటి సూయజ్ దాకా ఒంటెల మీద పోయాడు, దారి పొడుగునా ఫోటోలు తీస్తూ. ఫోటో పలకలు గాజువి అయిన రోజులవి. ఒంటె నడక ఎలా ఉంటుందో ఎక్కిన వాళ్ళకి తెలుసు, ముందుకీ వెనక్కీ ఊపు. ఆ ఊపులో ఆయన బొమ్మలు బతికాయి, లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీలో ఇప్పటికీ ఉన్నాయి. మనిషి మాత్రం 1915 జనవరిలో జర్రాబ్ యుద్ధంలో పోయాడు.

ఆయన తర్వాత పాతికేళ్ళకు అలాన్ విలియర్స్ అనే ఆస్ట్రేలియా నావికుడు 1938, 39లో కువైటీ నాఖుదా అలీ అల్ నజ్దీ ఓడ ఎక్కి ఆఫ్రికా తీరం చుట్టి కువైట్ వచ్చాడు. ముత్యాల కాలం, తెరచాపల కాలం ఆఖరి రోజుల్ని మనం చూడగలుగుతున్నామంటే ఆయన తీసిన ఫోటోల వల్లే. ఆ ఓడల్లో ఖలాసీలు తమ సొంత పెట్టెల్లో చిన్నచిన్న సరుకులు తెచ్చుకుని అమ్ముకునేవాళ్ళు. మన వాళ్ళ కార్టన్ కథ అక్కడే మొదలైందని నాకనిపిస్తుంది.

అదే 1938 ఫిబ్రవరిలో బుర్గాన్‌లో నూనె పడింది. కువైట్ తలరాత మారిన రోజు అది. అదే ఏడాది అమెరికాలో ఎర్ల్ హాలిబర్టన్ అనే ఆయన అల్యూమినియం సూట్‌కేసు చేయించాడు. ఆయన పని నూనె బావుల్లో సిమెంటు వేయడం, అంటే ఒక రకంగా మా జాతే. టెక్సస్ నూనె పొలాల్లో దుమ్ము దారుల్లో ట్రక్కు వెనక వేసుకు తిరిగితే తోలు పెట్టెలు, అట్ట పెట్టెలు చిరిగిపోతున్నాయని, విమానాల ఇంజనీర్లకు చెప్పి రేకు పెట్టె గీయించాడు. అదే తర్వాత జీరో హాలిబర్టన్ అయింది. సినిమాల్లో డబ్బుల కట్టలు పెట్టుకునే వెండిరంగు పెట్టె ఉంటుందే, ఆ జాతి. చూడండి, అది నూనె పొలం దుమ్ముకి పుట్టిన పెట్టె. కువైట్‌లో తూజ్ లేచినప్పుడు మనం తినే దుమ్ముకి అది సరిగ్గా సరిపోయే ఆలోచన.

జర్మనీలో కొలోన్ ఊరి రిమోవా వాళ్ళది 1898 నాటి కంపెనీ. వాళ్ళు 1937లో అల్యూమినియంకి మారారు. 1950లో పెట్టె మీద గాళ్ళు తెచ్చారు, యుంకర్స్ విమానం ఒంటి రేకును చూసి. ఆ గాళ్ళు అందానికి అనుకుంటారు చాలామంది. మన సైటులో రూఫ్ షీటు చూడండి. చదును రేకు వంగుతుంది, మడత పెట్టిన రేకు వంగదు. పలచటి రేకుతో బలం రావాలంటే మడతే దారి. బరువు తగ్గించాలన్న ఆలోచన మొదట అక్కడ కనపడుతుంది.

ఇక 1976. ఆ ఏడాది రిమోవా సినిమా, ఫోటో పనివాళ్ళ కోసం నీళ్ళు చొరబడని రేకు పెట్టె తెచ్చింది. అదే ఏడాది కాలిఫోర్నియా టారెన్స్‌లో డేవ్ పార్కర్ అనే సముద్రపు డైవర్ తన గ్యారేజీలో పెలికాన్ కంపెనీ మొదలుపెట్టాడు. ఈరోజు కెమెరా పెట్టె అంటే అందరి నోటా వచ్చే పేరు అది. ప్లాస్టిక్ గుల్ల, మూత చుట్టూ రబ్బరు రింగు, గాలి సమం చేసే చిన్న వాల్వు, లోపల ఫోమ్. పెట్టిన మనిషి డైవర్ కాబట్టి ఆ పెట్టె ప్రాణం అంతా ఆ రబ్బరు రింగులో ఉంది. నీళ్ళలో తేలాలి, లోపలికి చుక్క రాకూడదు. బాగుంది. కానీ మనం కువైట్ నుంచి హైదరాబాద్ పోతున్నాం, ఈదుకుంటూ కాదు కదా.

ఇన్ని పెట్టెలు తయారవుతున్న ఆ కాలంలోనే కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల మనవాళ్ళు గల్ఫ్ దారి పట్టారు. వచ్చేటప్పుడు చేతిలో రెగ్జిన్ సంచి. పోయేటప్పుడు అట్ట కార్టన్. టూ ఇన్ వన్, వీసీఆర్, స్టిల్ కెమెరా, దుప్పట్లు, సబ్బులు. ప్లాస్టిక్ తాడు అడ్డం నిలువు బిగించి, నాలుగు వైపులా పెద్ద మార్కర్‌తో పేరు, ఊరు, జిల్లా. మాలియాలో కార్టన్ కట్టడమే ఒక విద్య. కెమెరాను ఎక్కడ పెట్టేవాళ్ళో తెలుసా? సరిగ్గా మధ్యలో, దుప్పటి మడతల్లో. కింద సబ్బులు, పక్కన బట్టలు. ఎవరూ నేర్పలేదు, ఏ ఫోమ్ కంపెనీ చెప్పలేదు. తంజావూరులో లేనిది అదే, పెట్టె గోడకీ సామానుకీ మధ్య మెత్తదనం. ఊళ్ళల్లో చాలా పెళ్ళిళ్ళకు మొదటి కలర్ ఫోటోలు, మొదటి వీడియోలు అలా దుప్పట్లో చుట్టుకొచ్చిన కెమెరాలతో తీసినవే.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. అప్పుడు ఇక్కడున్న మన దేశస్థులు లక్షన్నర పైమాటే. బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి విమానం. ఆగస్టు 13 నుంచి అక్టోబర్ దాకా 488 విమానాలు తిరిగాయని లెక్క. ఆ ప్రయాణంలో ఏ పెట్టె పనికొచ్చింది? ఏదీ కాదు. ఒంటి మీద మోయగలిగిందే వచ్చింది. టీవీలు, కార్టన్లు, ట్రంకులు, ఆల్బమ్‌లు అన్నీ రూముల్లోనే వదిలి పరిగెత్తారు. అంతకుముందు పదేళ్ళ కువైట్ జీవితం ఫోటో ఒక్కటి కూడా లేని కుటుంబాలు మన వైపు ఉన్నాయి.

దాని తర్వాత కథ పెట్టె గురించి ఆలోచించేవాడికి చాలా అవసరం. 1991లో ఐక్యరాజ్యసమితి జెనీవాలో పరిహారం కమిషన్ పెట్టింది. కువైట్ నుంచి వెళ్ళిపోవాల్సి వచ్చిన మనిషికి 'ఏ' రకం క్లెయిము కింద ఒక స్థిరమైన మొత్తం. ఒంటరికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000. వేరే క్లెయిము ఏదీ వేయను అని రాసిచ్చినవాళ్ళకు 4,000, 8,000. దీనికి ఇక్కడున్నట్టు, వెళ్ళిపోయినట్టు చూపిస్తే చాలు. పోయిన సామాను విలువ అడగాలంటే 'సీ' రకం, లక్ష డాలర్ల దాకా. కానీ దానికి ఏం పోయింది, ఎంత విలువ అనేది చూపించాలి. ప్రాణం చేత పట్టుకుని వచ్చినవాడి దగ్గర బిల్లు ఎక్కడుంటుంది? బిల్లు కూడా ఆ పెట్టెలోనే ఉండిపోయింది కదా. ఇది మనసులో పెట్టుకోండి, చివర్లో మళ్ళీ పనికొస్తుంది.

తర్వాతి ఏడాది, 1991లో, ఇరాక్ సైన్యం పోతూ పోతూ అంటించిన 600 పైచిలుకు బావులు మండుతుంటే సెబాస్టియో సల్గాడో, స్టీవ్ మెక్కరీ లాంటి ఫోటోగ్రాఫర్లు ఇక్కడికొచ్చారు. ఆకాశం నుంచి నూనె తుంపర పడే రోజుల్లో కెమెరా పట్టుకుని తిరిగారు. ఆఖరి బావి నవంబర్ 6న ఆగింది. అలాంటి చోటికి పోయేవాడికి రబ్బరు రింగు పెట్టె ప్రాణం. అందులో వాదన లేదు.

మన ప్రయాణానికి వస్తే, పెట్టె కన్నా ముందు చట్టం చూడాలి. విమానంలో సామాను పోతే ఎంతిస్తారు అనే లెక్క 1929 వార్సా ఒప్పందంలో మొదలైంది. అప్పుడు పెట్టిన లెక్క కిలోకి 250 ఫ్రాంకులు. తర్వాత తర్వాత అది కిలోకి సుమారు 20 డాలర్లుగా నడిచింది. గమనించారా, విలువకి కాదు, బరువుకి. రెండు కిలోల కెమెరా, లెన్సు పోతే 40 డాలర్లు. పది కిలోల ఇనప ట్రంకులో పెట్టి పోగొట్టుకుంటే ట్రంకుకే 200. ఉల్లిగడ్డలకీ లెన్సులకీ ఒకే రేటు. మన వాళ్ళు గల్ఫ్ వచ్చిన మొదటి ముప్పై ఏళ్ళు ఈ లెక్క మీదే ఎగిరారు.

1999 మాంట్రియల్ ఒప్పందం దీన్ని మార్చింది. ఇండియా అందులో చేరింది 2009లో. కిలోల లెక్క పోయి, మనిషికి ఇంత అని వచ్చింది. ఎస్‌డీఆర్ అనే అంతర్జాతీయ లెక్కలో మొదట 1,000, పెరుగుతూ పెరుగుతూ 2024 డిసెంబర్ 28 నుంచి 1,519. మన డబ్బుల్లో 600 దినార్ల పైచిలుకు. ఇది గరిష్ఠం, పోయిన ప్రతివాడికీ చేతిలో పెట్టే మొత్తం కాదు. ఒక ఫుల్ ఫ్రేమ్ బాడీ, రెండు మంచి లెన్సులు వెయ్యి దినార్లు దాటిపోతాయి. మనలో చాలామందికి అది ఎన్ని నెలల జీతమో మీరే లెక్కేసుకోండి. చెక్ ఇన్ దగ్గరే ఎక్కువ విలువ డిక్లేర్ చేసి, అదనపు డబ్బు కట్టే వీలు ఆ ఒప్పందంలోనే ఉంది. కానీ కౌంటర్‌లో ఆ మాట అడిగేవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. పైగా పెళుసు వస్తువులు, ఎలక్ట్రానిక్స్ చెక్ ఇన్‌లో వేయొద్దని దాదాపు ప్రతి ఎయిర్‌లైన్ తన షరతుల్లో రాసుకుంటుంది. దెబ్బ తింటే ఏడు రోజుల్లోపు రాతపూర్వకంగా చెప్పాలి. అసలు బెల్టు దగ్గర నుంచి కదలకముందే కౌంటర్‌కి పోయి కాగితం రాయించుకోవడం మేలు.

కాబట్టి నా తీర్పు ముందే చెప్పేస్తున్నా: కెమెరా బాడీ, లెన్సులు, కార్డులు మనిషితో పాటు పైనే రావాలి. కింద పోయే పెట్టెలోకి కాదు, అది ఎంత గట్టిదైనా.

"అయితే గట్టి పెట్టెనే పైకి తీసుకుపోతా" అంటారు. ఇక్కడే కిలోల గొడవ. పెలికాన్‌లో క్యాబిన్ కోసమని అమ్మే 1510 పెట్టె ఉంది. బయటి కొలత సుమారు 56 బై 35 బై 23 సెంటీమీటర్లు. ఫోమ్‌తో కలిపి ఖాళీ పెట్టె బరువే 6 కిలోల పైన. మన రూటులో చాలా ఎయిర్‌లైన్లు చేతి సామానుకు ఇచ్చేది 7 కిలోలు. అంటే 6 కిలోల పెట్టెలో ఒక్క కిలో కెమెరా. భోషాణం లెక్క తల్లకిందులైంది అని ఇందాక అన్నది ఇదే. ఒకప్పుడు పెట్టె బరువు కాపలా, ఇప్పుడు పెట్టె బరువే దొంగ. 2016లో వాళ్ళే ఎయిర్ అని తేలిక రకం తెచ్చారు. ఆ సైజులో 1535 ఖాళీది నాలుగు కిలోల దగ్గర. అయినా బాడీ, రెండు జూమ్‌లు, ఫ్లాష్ కలిపితే మూడున్నర నుంచి నాలుగు కిలోలు, కౌంటర్‌లో తూకం వేస్తే దొరికిపోతారు. దొరికితే ఏమవుతుంది? పెట్టెను అక్కడే ట్యాగ్ వేసి కిందకి పంపిస్తారు. కెమెరాను ఎక్కడికి పోకూడదని ఇంత ఖర్చు పెట్టారో సరిగ్గా అక్కడికే పోతుంది.

అందుకే మామూలుగా సెలవు మీద ఊరెళ్ళేవాడికి, అక్కడ చెల్లెలి పెళ్ళో తమ్ముడి గృహప్రవేశమో తీసేవాడికి, ఒకటిన్నర కిలోల మెత్తటి బ్యాక్‌ప్యాక్ చాలు. మంచి మందం ఫోమ్ గోడలున్నది చూసుకోండి. సీటు కింద పట్టేది అయితే ఇంకా మంచిది, పైన బిన్ నిండిపోయినా మీ దగ్గరే ఉంటుంది. ట్రైపాడ్, లైట్లు, స్టాండ్లు, ఛార్జర్లు, ఇవి కింద పోనివ్వండి. వీటికి గట్టి పెట్టె కొంటే అర్థముంది. ఒక్కో పెట్టె 32 కిలోలు దాటితే లోడర్లు ఎత్తరు, అది మాత్రం చూసుకోండి.

ఒక్కోసారి మన చేతిలో ఉండదు కూడా. 2017 మార్చిలో అమెరికా పది విమానాశ్రయాల పేర్లు చెప్పి, అక్కడి నుంచి నేరుగా అమెరికా పోయేవాళ్ళు ఫోను కన్నా పెద్ద ఎలక్ట్రానిక్ వస్తువు ఏదీ క్యాబిన్‌లోకి తేకూడదంది. ఆ పదిలో కువైట్ ఒకటి. ల్యాప్‌టాప్‌లతో పాటు కెమెరాలు కూడా కింద వేయాల్సిందే. జులైలో ఎత్తేశారు. ఆ మూడు నాలుగు నెలలు గట్టి పెట్టె ఉన్నవాడు నిద్రపోయాడు, లేనివాడు పోలేదు. అందుకని గట్టి పెట్టె దండగ అని నేనెప్పుడూ అనను. తప్పనిసరిగా కింద వేయాల్సిన సామాను ఉన్నవాడికి, సినిమా యూనిట్‌తో పోయేవాడికి, రెండు మూడు బాడీలు మోసేవాడికి అది కావాలి.

అలాంటివాళ్ళు కొనేటప్పుడు చూడాల్సినవి సైటు లెక్కలో చెప్తా. ఫోమ్: ముక్కలుగా పీకే రకం చవక, కానీ ఏడాదికి అంచులు వదులై లెన్సు కదులుతుంది. కదిలితే ఫోమ్ ఉన్నా లేనట్టే. బట్ట చుట్టిన అడ్డగోడల రకం సామాను మారుస్తూ ఉండేవాడికి మేలు. ఏ రకమైనా పెట్టె అడుగున, మూతలో రెండు వైపులా మెత్తదనం ఉండాలి. వాల్వు: క్యాబిన్‌లో గాలి ఒత్తిడి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. రబ్బరు రింగు బిగువుగా ఉన్న పెట్టెలోంచి పైకి పోయేటప్పుడు గాలి జారిపోయి, దిగాక మూత అతుక్కుపోతుంది. స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించేవాళ్ళని చూశాను, రింగు తెగుతుంది. వాల్వు ఉన్న పెట్టెకి ఈ బాధ లేదు. రంగు: 2016 జులై 21న మన కువైట్ మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది, ప్రపంచ వాతావరణ సంస్థ ఒప్పుకున్న లెక్క. అలాంటి ఎండలో బ్యాగేజీ బండి మీద నల్ల పెట్టె ఎంత కాలుతుందో వేరే చెప్పాలా. బూడిద రంగో, ఇసుక రంగో తీసుకోండి. మెరిసే వెండి పెట్టె మాత్రం వద్దు, లోపల డబ్బున్నదని సినిమాలు జనానికి నేర్పేశాయి.

బ్యాటరీలు ఎట్టి పరిస్థితిలోనూ కింద పోయే పెట్టెలో వేయకండి. విడి లిథియం బ్యాటరీలు క్యాబిన్‌లోనే రావాలి, మొనలకు టేపు వేసో విడివిడి కవర్లలోనో. పరిమితి 100 వాట్ అవర్. లెక్క చిన్నదే: 7.2 వోల్టులు, 2,280 ఎమ్‌ఏహెచ్ ఉంటే 7.2ని 2.28తో గుణిస్తే 16.4. అంటే కెమెరా బ్యాటరీలకు బాధ లేదు, పెద్ద వీడియో బ్యాటరీలకే చూసుకోవాలి. 100 దాటి 160 లోపైతే ఎయిర్‌లైన్ అనుమతితో రెండు. కింద పెట్టెలో బ్యాటరీ ఎక్స్‌రేలో కనపడితే మీ మంచి తాళం పగలగొట్టి మరీ తీస్తారు. డ్రోన్ సంగతి వేరే. 2022 ఫిబ్రవరి నుంచి ఇండియాలోకి తయారు డ్రోన్ల దిగుమతే నిషేధం, ఎంత మంచి పెట్టెలో పెట్టినా కస్టమ్స్ దగ్గరే ఆగిపోతుంది.

కువైట్‌లో కెమెరా బయట కనపడితే ఇబ్బందా అని కూడా కొందరు అడిగారు. 2010 నవంబర్‌లో ఇక్కడి ఒక ఇంగ్లీషు పత్రికలో బహిరంగ స్థలాల్లో డీఎస్ఎల్ఆర్ నిషేధం అని వార్త వచ్చి ప్రపంచమంతా తిరిగింది. తర్వాత ఆ పత్రికే అది తప్పని ఒప్పుకుంది. అయినా ఆ భయం మన క్యాంపుల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. ప్రభుత్వ భవనాలు, ఆయిల్ ప్లాంట్లు, ఎయిర్‌పోర్టు లోపల తీయకండి, మనుషుల్ని అడక్కుండా తీయకండి, అంతవరకే.

ఇప్పుడు ఇందాక గుర్తు పెట్టుకోమన్న జెనీవా సంగతి. ప్రతి బాడీ, ప్రతి లెన్సు సీరియల్ నంబరు కనపడేలా ఒక ఫోటో తీయండి. బిల్లు ఫోటో తీయండి. పెట్టె మూత తెరిచి, సామాను సర్ది ఉండగా పై నుంచి ఒకటి, మూసి తాళం వేశాక ట్యాగుతో ఒకటి. దెబ్బ తిందని రాయించుకునేటప్పుడు ఎయిర్‌లైన్ అడిగేది ఇదే. కస్టమ్స్‌లో ఇది కొత్తదా వాడిందా, ఎప్పుడు కొన్నావు అని అడిగినా చూపించేది ఇదే. ఇండియాలో కొన్న కెమెరాను కువైట్ తెచ్చుకునేవాళ్ళు బయల్దేరే రోజే అక్కడి కస్టమ్స్ కౌంటర్‌లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే, తిరిగి వెళ్ళేటప్పుడు మాటామాటా ఉండదు. ఈ ఫోటోలన్నీ మీ ఫోనులో ఒక కాపీ, ఇంట్లో వాళ్ళ ఫోనులో ఒక కాపీ. బిల్లు కాగితం మాత్రం పెట్టెలో పెట్టకండి.